కయోటీకి తోడేలు తుపాకీ ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

కిందటి నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో జరిగే కయోటీల వేట గురించి, ఆ వేట కోసం అక్కడివాళ్లు విడిభాగాలు ఏరుకుని కూర్పించుకునే దూరపు తుపాకుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ విషయం మీద రాసేవాళ్లు అరుదు కనుక చూడగానే సంతోషం వేసింది. నేను ఇరవై రెండేళ్లుగా టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో ఉంటున్నాను. లేత్ మిషన్ల మీద లోహం చెక్కే పని నాది. చుట్టుపక్కల మేకలూ గొర్రెలూ పెంచే రాంచర్లు కొందరు తుపాకీ కూర్పించుకునేటప్పుడు ఏ భాగం ఎందుకు కొనాలో అడగడానికి మా షాపుకు వస్తుంటారు. ఆ అనుభవంతో చదివితే వ్యాసంలో రెండు పొరపాట్లు కనిపించాయి. మొదటిది ఒక్క మాటలో ఉంది. రెండోది ఆ మాట కడుపునే పుట్టింది.

వ్యాసకర్త కయోటీని ఆద్యంతం ‘అమెరికా తోడేలు’ అనే రాశారు. కయోటీ తోడేలు కాదు. తోడేలు, నక్క, కుక్కల కుటుంబంలోదే అయినా అది వేరే జంతువు. మూతి సన్నం, చెవులు పెద్దవి, చలికాలంలో ఒళ్లంతా బొచ్చు పొంగి భారీగా కనిపిస్తుంది గానీ, పట్టుకుని లేపితే ఆ బొచ్చు కింద ఏమంత కండ ఉండదు. ఇక్కడ 15 కిలోలు తూగిందంటే పెద్దదే. మా తాత అనంతపురం జిల్లాలో గొర్రెలు కాసినవాడు. తోడేలు వేరు, నక్క వేరు, గుంటనక్క వేరు అని కూతను బట్టి, అడుగును బట్టి చెప్పేవాడు; మందను నమ్ముకుని బతికేవాళ్లు ఈ మూడింటినీ ఎన్నడూ కలిపేయరు. మెక్సికోలోని నాహువాత్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చిన పేరు కయోటీ. కంగారూను కంగారూ అన్నట్టే దీన్నీ కయోటీ అంటే సరిపోతుంది. (ఇక్కడి ముసలి రాంచర్లు చివరి అక్షరం మింగేసి ‘కైయోట్’ అంటారు. అలా పలికేవాడు పశువుల మనిషి అనీ, మూడక్షరాలూ పలికేవాడు పట్నంవాడనీ ఒక లెక్క.)

పేరు దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, తోడేలు అనుకున్నందువల్లనే వ్యాసకర్త దానికి తగ్గ తుపాకీని సిఫారసు చేశారు. ఆయన చెప్పిన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా ఎల్క్ వంటి, 300 కిలోలు తూగే దుప్పి జాతి జంతువుల కోసం వాడేది. దానితో 1000 గజాల నుంచి కయోటీని కొట్టడమే ఈ వేటలో నేర్పు అన్నట్టు రాశారు. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు కయోటీలో అరచేతి వెడల్పు. నాలుగైదు అంగుళాలకు మించదు. తుపాకీ ఎంపిక అంతా ఆ ఐదంగుళాల దగ్గర మొదలై వెనక్కి రావాలి. అంటే ముందు బుల్లెట్, తరవాత దానికి తగిన బ్యారెల్ (తుపాకీ గొట్టం), ఆ తరవాతే మిగతా సరంజామా. వ్యాసంలో ఈ వరస తలకిందులైంది: కార్బన్ ఫైబర్ స్టాకుతో (భుజానికి ఆనించే దిమ్మ) మొదలుపెట్టి, స్కోపుల (గురి చూసే దుర్బిణుల) వెలలు చెప్పి, చివర ఒక్క వాక్యంలో ‘మంచి తూటా వాడాలి’ అని ముగించారు.

ఇక్కడి నేల సంగతి రెండు మాటల్లో చెబుతాను. శాన్ ఏంజెలో దేశంలోనే పెద్ద గొర్రెలు, మేకల సంతల్లో ఒకటి. చుట్టూ సున్నపురాతి నేల, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ చెట్లు, గుంపులు గుంపులుగా నాగజెముడు. అనంతపురం నుంచి వచ్చినవాడికి పరాయి ఊరిలా అనిపించదు. మేకలు ఈనే నెలల్లో కయోటీలు పిల్లలను ఎత్తుకుపోతాయి. మంద వెంట తెల్లటి గ్రేట్ పిరనీస్ కుక్కలను ఉంచుతారు, కంచె కింద సందులు పూడుస్తారు. తుపాకీ వంతు వచ్చేది ఇవన్నీ అయ్యాకే. జంతువును చంపడం తప్పనే పాఠకుల అభిప్రాయంతో నాకు పేచీ లేదు. చంపక తప్పనప్పుడు గాయంతో పొదల్లోకి పారిపోయి మూడు రోజులు కుళ్లి చచ్చేలా కాకుండా, కొట్టిన చోటే పడిపోయేలా ఉండాలన్నదే భాగాల ఎంపికకు అసలు కొలమానం.

ఇక బుల్లెట్. తెలుగులో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అర్థంలో వాడేస్తాం గనుక, ఈ ఉత్తరం వరకు ఇత్తడి గొట్టం, మందు, ముందు ముక్క అన్నీ కలిసినదాన్ని తూటా అనీ, ఎగిరిపోయే ముందు ముక్కను మాత్రం బుల్లెట్ అనీ అంటాను. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. పౌండుకు 7000 గ్రెయిన్లు. కయోటీకి 50 నుంచి 90 గ్రెయిన్ల మధ్యవి, రాగి తొడుగు పలచగా ఉండి కొనకు ప్లాస్టిక్ ముక్కు ఉన్నవి నప్పుతాయి. 87 గ్రెయిన్లంటే ఐదున్నర గ్రాములు, అంతే. ఈ బుల్లెట్ లోపలికి దిగగానే చిట్లిపోతుంది. బలమంతా లోపలే ఖర్చవుతుంది, చాలాసార్లు అవతలికి చిల్లే ఉండదు. దీనికి ఇంకో మేలు ఉంది. మా దగ్గర నేల బల్లపరుపు, ఎక్కడ చూసినా రాళ్లు, దూరంగా చమురు పంపులు, వాటి మధ్యే మేకలు. గురి తప్పిన బుల్లెట్ రాయికి తగిలి ముక్కలైపోతే పరవాలేదు. గట్టి తొడుగున్న సైనికరకం బుల్లెట్ అయితే రాయి మీద నుంచి ఎగిరి ఎటు పోతుందో తెలియదు. అందుకే ఈ వేటకు సైనికరకం తూటాలు ఎంత చవకగా దొరికినా కొనవద్దంటాను.

బుల్లెట్ తేలితే, బ్యారెల్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న దాని కంపెనీ గురించి కాదు, దాని మెలి గురించి. బ్యారెల్ లోపల మర చుట్టినట్టు గాడులు ఉంటాయి. బుల్లెట్ ఆ గాడుల వెంట తిరుగుతూ బయటపడుతుంది. 8 అంగుళాల పొడవులో ఒక పూర్తి చుట్టు తిప్పితే దాన్ని 8 మెలి అందాం. 14 అంగుళాలకు ఒక చుట్టయితే 14 మెలి. అంకె తగ్గేకొద్దీ మెలి బిగువు. 8 మెలి బ్యారెల్ నుంచి సెకనుకు 3200 అడుగుల వేగంతో వెళ్లే బుల్లెట్ నిమిషానికి 2,88,000 చుట్లు తిరుగుతుంది. బొంగరం ఆడినవాళ్లకు ఇందులో రహస్యమేమీ లేదు. పొట్టి బొంగరం కొద్దిపాటి విసురుకే నిలబడుతుంది, పొడుగాటిది గట్టిగా తిప్పితే తప్ప నిలవదు. ఇక్కడ లెక్క బరువుది కాదు, పొడవుది. ఆల్‌ఫ్రెడ్ గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు 1879లో ఇచ్చిన మోటు సూత్రం ఇప్పటికీ అంచనాకు పనికొస్తుంది: బుల్లెట్ అడ్డుకొలతను అదే సంఖ్యతో గుణించి, 150తో హెచ్చవేసి, పొడవుతో భాగించాలి. .224 అంగుళాల అడ్డుకొలత, దాదాపు అంగుళం పొడవు ఉన్న 75 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఈ లెక్క వేస్తే ఏడున్నర వస్తుంది, అంటే దానికి దాదాపు ఏడున్నర మెలి కావాలన్నమాట. సీసం లేని రాగి బుల్లెట్లు అదే బరువుకు ఇంకా పొడుగ్గా ఉంటాయి, కాబట్టి వాటికి మరింత బిగువైన మెలి కావాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసపు తూటాలు నిషేధం. అక్కడ బ్యారెల్ కొనేవాళ్లు ఈ లెక్క వేయకుండా కొంటే డబ్బు బూడిదలో పోసినట్టే.

ఇది పుస్తకజ్ఞానంతో చెబుతున్నది కాదు. నాలుగేళ్ల కిందట మా పొరుగు రాంచరు ఒకాయన, నాకు మంచి మిత్రుడు, .22-250 రెమింగ్టన్ తూటాకు మెరుగు పెట్టిన స్టెయిన్‌లెస్ బ్యారెల్ ఒకటి తెప్పించి బిగింపించుకున్నాడు. గాలికి తక్కువగా కొట్టుకుపోతాయని ఎవరో చెబితే 75 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్ల తూటాలు కొన్నాడు. ఏ బుల్లెట్ వాడతావని అమ్మినవాడు అడగలేదు, ఈయనా చెప్పలేదు. ఇద్దరం 100 గజాల దూరంలో అట్టకు కాగితం అంటించి ఐదు తూటాలు కాల్చాం. వెళ్లి చూస్తే కాగితం మీద గుండ్రటి చిల్లు ఒక్కటీ లేదు. అన్నీ తాళంచెవి దూరే సందుల్లా నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా చీలికలు. ఒక చీలికలో బుల్లెట్ పక్కవాటు ఆకారం మొత్తం అచ్చు గుద్దినట్టు పడింది. రెండు చీలికలు ఒకదానికొకటి జానెడు దూరంలో ఉన్నాయి. బుల్లెట్లు దొర్లుకుంటూ వచ్చి తగిలాయన్నమాట. బ్యారెల్ మీద చెక్కిన అంకెలు చూస్తే 14 మెలి. .22-250 తూటాకు దశాబ్దాలుగా కంపెనీలు ఇస్తూ వచ్చిన మెలి అదే. 50, 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్లకు అది సరిగ్గా సరిపోతుంది. తప్పు బ్యారెల్‌దీ కాదు, తూటాదీ కాదు, పొత్తు కుదర్చకుండా పెళ్లి చేసినవాళ్లది. ఆ కాగితాన్ని మా షాపు గోడకు అంటించి ఉంచాను.

అయితే బిగువు మెలి ఉంటే అన్నిటికీ మంచిదేనా అంటే, కాదు. పలచటి తొడుగున్న తేలిక బుల్లెట్లను మరీ వేగంగా, మరీ బిగువుగా తిప్పితే కొన్ని గాలిలోనే చిట్లిపోయి కాగితం దాకా చేరవు. అందుకే ఒకటే బ్యారెల్‌తో అన్ని బుల్లెట్లూ కాల్చేస్తానన్నవాణ్ణి రెండే రకాలు ఎంచుకోమని బతిమాలుతాను.

తూటా ఎంపికలో నా అభిప్రాయం ఇది. 250 గజాలలోపు కొట్టేవాళ్లకు .223 రెమింగ్టన్ చాలు. చవక, భుజానికి దెబ్బ మెత్తన, బ్యారెల్ వేల తూటాలు ఓర్చుకుంటుంది. .22-250 దాని కంటే చాలా వేగం. 300 గజాల వరకు బుల్లెట్ దాదాపు తిన్నగా పోయినట్టుంటుంది గానీ, ఆ మంటకు బ్యారెల్ గొంతు, అంటే తూటా కూర్చునే చోటికి ఆనుకుని ఉన్న భాగం, తొందరగా కాలిపోతుంది. 1955 నుంచి ఉన్న .243 విన్‌చెస్టర్ ఈ రెండింటికంటే బరువైన బుల్లెట్‌ను విసురుతుంది. ఏ పల్లె దుకాణంలోనైనా తూటాలు దొరుకుతాయి. దాని తమ్ముడి వంటి 6 మిల్లీమీటర్ల క్రీడ్‌మూర్‌లో తేడా ప్రధానంగా మెలిలో ఉంది: పాత .243 తుపాకులు తరచు 9, 10 మెలితో వస్తే, ఇది ఏడున్నర, 8 మెలితో వస్తుంది, కాబట్టి పొడుగు బుల్లెట్లను కూడా నిలబెడుతుంది. గాలి ఎక్కువగా ఉండే మైదానాల్లో 300 గజాలు దాటి కొట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఈ చివరి దాన్నే. అంతకు మించిన తూటా కయోటీకి అనవసరం. భుజానికి దెబ్బ పెరిగితే కాల్చగానే స్కోపులోంచి జంతువు మాయమవుతుంది. బుల్లెట్ ఎక్కడ తగిలిందో కంటితో చూసుకోగలిగినవాడే రెండో తూటా వేయాలో వద్దో తేల్చుకోగలడు.

ఇప్పుడు వ్యాసంలోని 1000 గజాల మాట. దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ కిందికి దిగడం సమస్య కాదు. అది లెక్క, దూరాన్ని లేజరు పరికరం చెబుతుంది, స్కోపు మీద బిరడా తిప్పితే సరి. సమస్య గాలి. 87 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 3100 అడుగులతో బయలుదేరితే, పక్క నుంచి గంటకు 10 మైళ్ల గాలి దాన్ని 300 గజాల దగ్గర సుమారు 7 అంగుళాలు, 400 దగ్గర 12 అంగుళాలకు పైగా, 500 దగ్గర 20 అంగుళాలు పక్కకు నెడుతుంది. నెడితే నెట్టనీ, అంత పక్కకు గురి పెట్టొచ్చు. కానీ గాలి గంటకు 10 మైళ్లా 13 మైళ్లా అని చెంపకు తగిలిన చల్లదనాన్ని బట్టి చెప్పగల మొనగాడు ఎవరు? అంచనాలో 3 మైళ్లు తప్పితే 300 గజాల దగ్గర 2 అంగుళాల తప్పు. గుండె మధ్యకు గురి పెట్టి ఉంటే ఆ ఐదంగుళాల్లోనే తగులుతుంది. అదే తప్పు 500 గజాల దగ్గర 6 అంగుళాలు. అంటే పొట్టలోనో, కాలికో, లేదా దుమ్ములోనో. బరువైన, నునుపైన 108 గ్రెయిన్ల బుల్లెట్‌తో కూడా 500 గజాల దగ్గర అదే 10 మైళ్ల గాలికి 15 అంగుళాల దాకా పోతుంది. పైగా కయోటీ అట్ట కాదు, ఒకచోట నిలబడదు. బుల్లెట్ 500 గజాలు చేరడానికి పట్టే 0.6 సెకన్లలో అది ఒక అడుగు వేస్తే చాలు. తుపాకీలో ఏ భాగం మార్చినా ఈ లెక్క కాస్త మెరుగవుతుందే గానీ మాయమవదు. 1000 గజాల దగ్గర ఇనుప పళ్లేన్ని కొట్టడం మంచి వినోదం. ప్రాణమున్న దాన్ని అంత దూరం నుంచి కొట్టడం మాత్రం, నా ఉద్దేశంలో, జూదం.

మిగతా భాగాలు త్వరగా చెప్పేస్తాను. తూటాను లోపల బిగించి పేల్చే యంత్రభాగం, తుపాకీకి గుండెకాయ వంటి యాక్షన్ విషయంలో రెండు దారులు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 నమూనా మన పాత అంబాసిడర్ కారు లాంటిది. స్టాకు, ట్రిగ్గరు, స్కోపు పట్టాలు ఏవి కావాలన్నా దానికి సరిపోయేవి దొరుకుతాయి, ఇతర కంపెనీలు కూడా అదే కొలతలకు యాక్షన్లు చేస్తున్నాయి. 1958 నాటి సావేజ్ 110 నమూనాలో బ్యారెల్‌ను పెద్ద నట్టుతో బిగిస్తారు, కాబట్టి ఒక బ్యారెల్ తీసి ఇంకొకటి వేయడం సులువు. .22-250, .243, 6 మిల్లీమీటర్ల క్రీడ్‌మూర్ తూటాల అడుగు వెడల్పు ఒకటే కావడం వల్ల, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు మార్చనక్కర లేదు. సులువు అన్నాను గదా అని ఇంట్లో పానా పట్టుకుని కూర్చోవద్దు. తూటా లోపల కూర్చునే ఖాళీని రెండు ఉక్కు కొలతముక్కలతో పరీక్షిస్తారు. మొదటిది పెడితే బోల్టు మూసుకోవాలి, రెండోది పెడితే మూసుకోకూడదు. ఆ రెండింటికీ తేడా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. ఇంచుమించు తలవెంట్రుక మందం. ముప్పై ఏళ్లుగా మైక్రోమీటరు పట్టుకున్న నేనే ఆ పనిని లైసెన్సున్న తుపాకీ పనివాడికి వదిలేస్తాను, ఎందుకంటే అది తప్పితే పేలేది కంటికి జానెడు దూరంలో.

బ్యారెల్ మందం గురించి వ్యాసకర్త చాలా రాశారు. పోటీల్లో వరసగా పది, ఇరవై తూటాలు కాల్చేవాడికి బరువైన బ్యారెల్ కావాలి, వేడికి గురి చెదరకుండా. కయోటీ వేటలో ఒక చోట కూర్చుంటే ఒకటి, మహా అయితే మూడు తూటాలు. పొద్దున్నే చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి బుల్లెట్ ఎక్కడ తగులుతుందో తెలిస్తే చాలు. మధ్యరకం మందం, 22 నుంచి 24 అంగుళాల పొడవు తీసుకుని, స్కోపుతో కలిపి మొత్తం 4 కిలోలు దాటకుండా చూసుకుంటే, అర మైలు నడిచి వెళ్లేటప్పుడు ఆ తెలివి భుజానికి తెలుస్తుంది. పైన కార్బన్ చుట్టిన బ్యారెళ్లు తేలికే, అందమే. ఆ డబ్బుతో ముందు తూటాలు కొనుక్కుని సాధన చేయడం మేలు. ట్రిగ్గరు రెండు రెండున్నర పౌండ్ల బరువుకు కదిలితే బాగుంటుంది. ఔన్సుల్లో కొలిచే పోటీ ట్రిగ్గర్లు, చలికి మొద్దుబారి చేతితొడుగు వేసుకున్న వేలికి ప్రమాదం.

స్కోపు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, కానీ అందరూ చూసే అంకె కాకుండా రెండో అంకె చూడాలి. 25 రెట్లు పెద్దది చేసి చూపిస్తుందా అని అడుగుతారు. ఎంత తక్కువకు దిగుతుందని అడగరు. కుందేలు అరుపు వినిపించి కయోటీని పిలిచే వేటలో అది ఒక్కోసారి 40 అడుగుల దగ్గర పొదలోంచి ఊడిపడుతుంది. నేను మొదటి చలికాలం 6 రెట్ల కంటే కిందికి దిగని స్కోపుతో వెళ్లాను; అలా ఒకటి ఎదురుపడితే స్కోపులో నాకు కనిపించింది బూడిదరంగు బొచ్చు మాత్రమే, ఏ వైపు బొచ్చో తెలిసేలోపు అది వెళ్లిపోయింది. 3 లేదా 4తో మొదలై 15, 18 దాకా వెళ్లేది ఈ పనికి చక్కగా ఉంటుంది. ఇంకొక మాట: ‘బ్యారెల్ పాడైంది, గురి నిలవడం లేదు’ అంటూ మా షాపుకు వచ్చే తుపాకుల్లో సగానికి పైగా వాటిలో అసలు జబ్బు స్కోపును పట్టి ఉంచే రింగుల మరలు వదులవడమే.

కిందటి జనవరిలో జరిగింది చెబుతాను. నీళ్ల తొట్టి మీద వేలు మందం మంచు కట్టిన ఉదయం, పైన చెప్పిన మిత్రుడూ నేనూ మెస్కీట్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం. ఆయన ఒళ్లో కొత్తగా కూర్పించుకున్న 8 మెలి క్రీడ్‌మూర్. పిలుపు పెట్టిన పావుగంటకు సున్నపురాతి బాట మీద ఒక కయోటీ వచ్చి నిలబడింది. లేజరు 430 గజాలు అంది. ఆయన తుపాకీ ముక్కాలి మీద ఆనించి, బిరడా తిప్పి, ఊపిరి బిగబట్టాడు. మా ముందు గడ్డిపోచ కదలడం లేదు. కానీ బాట పక్కన ఉన్న చెట్ల కొనలు ఒక వైపుకు వాలి, వదిలి, మళ్లీ వాలుతున్నాయి. ఆయన చాలాసేపు చూసి, వేలు ట్రిగ్గరు మీద నుంచి తీసి, బోల్టు వెనక్కి లాగి తూటా బయటికి తీసేశాడు. కయోటీ కూర్చుని చెవి గోక్కుని, తన దారిన పోయింది. ఆయన తుపాకీలో ఏ లోపమూ లేదు. ఆ వాలే కొమ్మల దగ్గర గాలి ఎంతో ఆయనకు తెలియదు, అంతే.

చివరిగా, ఈ వ్యాసం చదివే మన పిల్లలు అమెరికాలో వేలమంది ఉన్నారు గనుక చట్టం సంగతి కూడా రాయవలసింది. ఇక్కడ తుపాకీ అంటే చట్టం లెక్కలో యాక్షన్ భాగమే. బ్యారెల్, స్టాకు, ట్రిగ్గరు మామూలు సరుకులా తెప్పించుకోవచ్చు గానీ, యాక్షన్‌ను లైసెన్సున్న డీలరు దగ్గర, ఫెడరల్ ఫారం నింపి, తనిఖీ దాటాకే తీసుకోవాలి. ఎఫ్-1, హెచ్-1బి వంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం దీనికి ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీ సరదాగా చేతిలోకి తీసుకునే ముందు ఇది తెలిసి ఉండాలి. అలాగే బ్యారెల్ ముక్కే కదా అని సూట్‌కేసులో పెట్టుకుని ఊరికి బయలుదేరితే, ఇక్కడ ఎగుమతి చట్టం, అక్కడ తుపాకుల విడిభాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కించే 1959 నాటి ఆయుధాల చట్టం, రెండూ అడ్డం వస్తాయి. మన దగ్గర నక్కను, తోడేలును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని కూడా ఒక వాక్యం ఉంటే బాగుండేది. టెక్సాస్‌లో కయోటీ వేటకు మూసివేత కాలం లేదు గానీ, మందను వేధిస్తున్న దాన్ని కొట్టే సందర్భం తప్ప, మామూలుగా వేట లైసెన్సు కావాలి; మిగతా రాష్ట్రాల నిబంధనలు వేరువేరు.

వచ్చే ఆదివారం సంచికలో తోడేలు అనే మాటను, 1000 గజాల మాటను సవరించి, వీసాల సంగతిని పెట్టె కట్టి వేయగలరని కోరుతున్నాను. వ్యాసకర్త ఎప్పుడైనా ఇటు వస్తే మా షాపు గోడ మీద ఉన్న కాగితం చూపిస్తాను. మా మిత్రుడు పారేయబోయిన ఆ 14 మెలి బ్యారెల్‌ను నేను పారేయనివ్వలేదు. 50 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్లతో దాన్ని మళ్లీ కాల్చి చూశాం. చీలికల కాగితం పక్కనే అంటించిన రెండో కాగితం మీద ఐదు చిల్లులూ ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
శాన్ ఏంజెలో, టెక్సాస్